ఒకే చక్రంలో మూడు జబ్బులు: ఊగుతూ, ఎగురుతూ వచ్చిన ఒక వెనక చక్రం కేసు

నేపథ్యం

సైకిలు గేర్లది. టైర్లు 26 × 1.95, రిమ్ము ఒంటి పొర అల్యూమినియం, చక్రానికి 36 పుల్లలు, రిమ్ము పక్కలను పట్టే వి-బ్రేకులు. వెనక హబ్బు (చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగం) పాత పద్ధతిదే: 3/8 అంగుళం ఇరుసు, రెండు వైపులా కోన్లు (ఇరుసు మర మీద ఎక్కి, గుండ్లను హబ్బు కప్పులకు ఆనించి పట్టే ముక్కలు), వైపుకి పావంగుళం బేరింగు గుండ్లు 9, కుడిపక్క మర మీద బిగించిన 6 పళ్లచక్రాల ఫ్రీవీలు. యజమాని నలభై దాటిన ఉద్యోగి, బరువు 78 కిలోలు. కోస్తాలో ఒక పట్టణంలో రోజూ రానూపోనూ 18 కిలోమీటర్లు తొక్కుతాడు, క్యారియర్ మీద ఐదారు కిలోల సంచి ఉంటుంది. అంతకుమించిన వివరాలు ఇక్కడ అవసరం లేదు.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. చక్రం ఊగుతోందనగానే చెయ్యి పుల్లలు బిగించే స్పోక్ కీ మీదికి పోతుంది. ఇందులో కీ ముట్టుకోవాల్సింది అన్నిటికన్నా చివర. ముందే ముట్టుకోవడం వల్ల చిన్న దెబ్బ పెద్దదైంది.

ఫిర్యాదు ఏమిటి

“అన్నా, గుంతలో పడ్డప్పట్నుంచీ చక్రం ఊగుతోంది, సీటు కింద ఎవరో తంతున్నట్టుంది” అని మొదలైంది. ఒక్క వాక్యంలో రెండు వేరు వేరు ఫిర్యాదులున్నాయి. చక్రం పక్కలకు ఊగడం ఒకటి, పైకీ కిందికీ ఎగరడం ఇంకొకటి. రెంటికీ కారణాలు చాలావరకు వేరు, మందులూ వేరు. అందుకే ఏది ఎప్పుడు మొదలైందో విడివిడిగా అడిగాం.

అలా అడిగితే వరస మారిపోయింది. గుంతలో పడింది మూడు వారాల కింద. ఊగడం, బ్రేకు రబ్బరు చుట్టుకోసారి రాసుకోవడం అప్పటివే. సీటు కింద తన్ను మాత్రం అంతకు పది రోజుల ముందు, వెనక టైరూ ట్యూబూ కొత్తవి వేయించిన నాటి నుంచే సన్నగా ఉంది. గుంత తర్వాత పెరిగేసరికి యజమాని రెండూ దాని ఖాతాలోనే వేసుకున్నాడు.

తన్ను చక్రానిదా, పెడల్‌దా అన్నది లెక్కతో తేలుతుంది. ఈ సైజు చక్రం ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 2.05 మీటర్లు పోతుంది. గంటకు 18 కిలోమీటర్లంటే సెకనుకు 5 మీటర్లు, అంటే సెకనుకు రెండున్నర చుట్లకు కాస్త తక్కువ. యజమాని చెప్పిన తన్ను ఆ లయలోనే ఉంది, పెడల్ ఆపి ఊరికే పోనిచ్చినా ఆగలేదు. కాబట్టి చక్రమే. ఎత్తి చేత్తో తిప్పి చూస్తే ముందుది నున్నగా తిరిగింది, వెనకది తప్పు చూపించింది.

అప్పటికే జరిగిన వైద్యం

మా దగ్గరకు వచ్చేసరికి రెండు చేతులు మారింది. గుంతలో పడ్డ మర్నాడు ఒక షాపులో బెండు తీయించాడు. రిమ్ము కుడికి పోతోందని అక్కడి మెకానిక్ ఎడమవైపు పుల్లలు బిగించాడు. బ్రేకు రాసుకోవడం ఆగింది, రెండు రోజులకే మళ్లీ మొదలైంది. తర్వాత యజమాని స్పోక్ కీ కొనుక్కొచ్చి ఇంట్లో కూర్చున్నాడు. వేలితో కదిపితే లూజుగా ఉన్న కుడి పుల్లలు కనబడ్డాయి. లూజుగా ఉన్నవాటిని బిగించడమే కదా అనుకున్నాడు. ఊగడం తగ్గకపోగా ఎగరడం పెరిగింది, మూడు నిప్పుళ్ల (పుల్ల కొసను రిమ్ముకి బిగించే చిన్న నట్లు) మూలలు అరిగి గుండ్రమయ్యాయి.

ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. చూడ్డానికి ఆ పని సహజంగానే తోస్తుంది. కానీ గుంత దెబ్బకు రిమ్ము హబ్బు వైపు లోపలికి అణిగినప్పుడు, ఆ చోట పుల్లలు తమంతట తామే డీలా పడతాయి. పుల్ల రిమ్మును లోపలికి లాగి పట్టుకునేది. రిమ్మే లోపలికొస్తే లాగడానికి ఇంకేముంది? అక్కడ లూజు పుల్లను బిగిస్తే అణిగిన రిమ్మును ఇంకాస్త లోపలికి లాగినట్టు. షాపులో ఎడమ పుల్లలు, ఇంట్లో కుడి పుల్లలు, రెండూ అణిగిన చోటే బిగిశాయి. ఊగడానికి చేసిన వైద్యం ఎగరడాన్ని పెంచింది.

ముందు కొలత

సైకిల్ని వరండాలో పాత గోనెసంచి మీద తలకిందులుగా నిలబెట్టాం. బ్రేకు తీగను కొక్కెం నుంచి తప్పించి రబ్బర్లను దూరం జరిపాం. చక్రాన్ని పెట్టి బెండు తీసే ట్రూయింగ్ స్టాండ్ లేదు, అవసరమూ పడలేదు. రెండు ప్లాస్టిక్ జిప్ టైలు చాలు. వాటిని వెనక ఫ్రేము గొట్టానికి గట్టిగా బిగించి, ఒకదాని కొసను రిమ్ము పక్క దాదాపు తగిలేలా కత్తిరించాం. రెండోదాన్ని మొదట టైరు నెత్తికి ఎదురుగా పెట్టి ఎగరడం కొలిచాం, తర్వాత రిమ్ము అంచుకు ఎదురుగా జరిపి మళ్లీ కొలిచాం. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ సందు ఎక్కడ కనిష్ఠం, ఎక్కడ గరిష్ఠం అన్నది స్కేలుతో చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టాం. వాల్వు దగ్గర పుల్లను 1 అని పిలిచి, తిరిగే దిశలో 36 దాకా లెక్కపెట్టుకున్నాం. ఈ చక్రంలో బేసి సంఖ్యలు కుడివి, సరి సంఖ్యలు ఎడమవి.

టైరు నెత్తి మీద ఎగుడు 6 మి.మీ. రిమ్ము అంచు దగ్గర 1.5 మాత్రమే. అంటే తన్నులో నాలుగింట మూడు వంతులు రిమ్ముది కాదు, టైరుది. టైరు పొంగిన చోటు వాల్వు దగ్గర, రిమ్ము అణిగిన చోటు 14 నుంచి 18వ పుల్ల మధ్య, దాదాపు ఎదురుబొదురుగా. ఒకచోట ఎత్తు, దానికి ఎదురుగా పల్లం. అందుకే రెండూ కలిసి ఒకే తన్నుగా తెలిశాయి. ఈ ఒక్క కొలత తీసుకోకుండా రిమ్ముతో ఎంత కుస్తీ పట్టినా 4.5 మి.మీ. ఎగుడు అలాగే ఉండిపోయేది.

పక్క ఊపు ఇంకో సంగతి చెప్పింది. మొదటిసారి 4 మి.మీ., రెండోసారి 3, మూడోసారి 5. నిజంగా వంగిన రిమ్ము ఎన్నిసార్లు తిప్పినా అదే చోట అదే అంకె చూపిస్తుంది. అంకె మారుతోందంటే కొలిచే చక్రమే స్థిరంగా లేదన్నమాట. రిమ్మును రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే టక్‌టక్‌మని 2.5 మి.మీ. ఆడింది. హబ్బులో కోను లూజు. రెండు కప్పుల మధ్య దూరం ఏడెనిమిది సెంటీమీటర్లే, రిమ్ము ఇరుసుకి 28 సెం.మీ. దూరంలో ఉంటుంది. కోను దగ్గర వెంట్రుకవాసి సందున్నా రిమ్ము దగ్గరికొచ్చేసరికి ఏడెనిమిది రెట్లు కనబడుతుంది. షాపులో బెండు తీసింది ఈ ఆడే చక్రం మీదే.

ఇక్కడే క్రమం నిర్ణయమైంది: హబ్బు, తర్వాత టైరు, ఆ తర్వాతే రిమ్ము. హబ్బు ఆడుతుంటే రిమ్ము కొలత అబద్ధం. టైరు ఎగుడు అలాగే ఉంటే రిమ్ము దిద్దినా తన్ను పోదు.

హబ్బు

కోను కదలకుండా పట్టే ఎడమ లాక్ నట్టు చేత్తో తిరిగేంత వదులుగా ఉంది. అది వదులైతే కోను చక్రంతోపాటు కొద్దికొద్దిగా తిరుగుతూ బయటికొస్తుంది. విప్పి చూస్తే గ్రీజు నల్లగా పిడచకట్టింది. ఎడమ కోను మీద గుండ్లు పరిగెత్తే దారిలో ఒక చోట చీమ కొరికినట్టు సన్న గుంటలు. హబ్బు లోపలి కప్పులు మాత్రం నున్నగా మెరుస్తున్నాయి. అది అదృష్టమే. కప్పు పోతే హబ్బే మార్చాలి, కోను పోతే కోనుతో తీరుతుంది. ఎడమ కోను మార్చి, రెండు వైపులా గుండ్లు 18 కొత్తవి వేసి, కొత్త గ్రీజు పెట్టాం. గుండ్లు పాతవీ కొత్తవీ కలపకూడదు. అరిగినవి కాస్త సన్నబడి ఉంటాయి, బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది.

ఇరుసు వంగిందేమో కూడా చూడాలి. బయటికి తీసి గాజు పలక మీద దొర్లిస్తే వెలుతురు సందు ఎక్కడా మారకుండా దొర్లింది, బాగానే ఉంది. గుంతలో పడ్డ వెనక చక్రాల్లో ఇది తప్పక చూడాల్సినది. ఫ్రీవీలు వైపు ఇరుసు కప్పు నుంచి చాలా దూరం ఆసరా లేకుండా పోతుంది, వంగడం విరగడం ఎక్కువగా అక్కడే.

కోను బిగింపులో మొదటిసారి తప్పింది. చేత్తో తిప్పి సరిగ్గా ఉందనుకున్న చోట లాక్ నట్టు బిగిస్తే ఇరుసు గరగరమంది. లాక్ నట్టు బిగిసేటప్పుడు మరలో ఉన్న సందు మేర కోను లోపలికి జరుగుతుంది. అందుకే ముందు కోనుకి రవ్వంత ఆట వదలాలి. 15 మి.మీ. సన్న పానాతో కోనును కదలకుండా పట్టి, మామూలు పానాతో లాక్ నట్టు బిగించాలి. మూడో ప్రయత్నానికి ఆట పోయింది, తిప్పితే వేలికి నున్నగా తగిలింది. నట్లతో బిగించే ఇరుసుకి ఇది సరిపోతుంది. క్విక్ రిలీజ్ ఉన్న చక్రమైతే చివర్లో కూడా కొద్ది ఆట ఉంచాలి, ఎందుకంటే మీట బిగించినప్పుడు ఇరుసు నొక్కుకుని ఆ ఆటను తినేస్తుంది.

మళ్లీ కొలిస్తే పక్క ఊపు 2.5 మి.మీ. ఎన్నిసార్లు తిప్పినా అంతే, కుడివైపు, 14–18 మధ్య. ఇప్పుడు నమ్మదగ్గ అంకె వచ్చింది.

టైరు: పని చేయని మొదటి ప్రయత్నం

టైరు పక్కన రిమ్ము అంచుకు సమాంతరంగా ఒక సన్నని గీత అచ్చులో వస్తుంది. టైరు సరిగ్గా కూర్చుంటే ఆ గీతకూ రిమ్ముకూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఇక్కడ వాల్వు దగ్గర ఒక జానెడు మేర గీత రిమ్ము నుంచి బాగా పైకి లేచి ఉంది. టైరు ఉబ్బిందా, అంచు సరిగ్గా కూర్చోలేదా అన్నది ఈ గీతే తేలుస్తుంది. గీత సమంగా ఉండి నెత్తి మాత్రం బుడిపెలా పొంగితే లోపలి దారాలు తెగినట్టు. అలాంటి టైరును సర్దడం కుదరదు, మార్చాల్సిందే. ఇక్కడ గీతే లేచింది కాబట్టి టైరుకు జబ్బు లేదు, కూర్చోవడమే సరిగా లేదు.

ఇలా కనబడితే మామూలు కారణం వాల్వు మొదట్లో ఉండే దళసరి రబ్బరు. టైరు అంచు దిగకముందే వాల్వు నట్టు బిగిస్తే ఆ రబ్బరు అంచు కింద ఇరుక్కుంటుంది. ఐదు నిమిషాల పని కదా అని ముందు అదే చూశాం. గాలి పూర్తిగా తీసి, నట్టు విప్పి, వాల్వును టైరులోకి పైకి నొక్కి, అంచును చేత్తో లోపలికి దించి, మళ్లీ 45 పి.ఎస్.ఐ. ఒత్తిడి దాకా గాలి కొట్టాం. ఎగుడు 6 నుంచి 5కి వచ్చి ఆగింది.

ఇంకా గాలి కొడితే అంచు దానంతటదే కూర్చుంటుందని చాలామంది అంటారు. ఆ మాట సగం నిజం. పొడి రబ్బరు అంటుకుపోవడమే అడ్డమైతే గాలి పని చేస్తుంది. అంచు కింద వస్తువేదైనా అడ్డం ఉంటే, గాలి పెరిగేకొద్దీ టైరు రిమ్ము మీంచి ఎగిరిపోయే ప్రమాదం పెరుగుతుంది. నొక్కినా దిగలేదంటే కింద ఏదో ఉందని అర్థం చేసుకుని టైరు విప్పాం.

విప్పగానే కనబడింది. పుల్లల తలలు ట్యూబుకి గుచ్చుకోకుండా రిమ్ము లోపల వేసే పట్టీకి బదులు, పాత ట్యూబును నిలువుగా చీల్చి వేశారు. మన దగ్గర ఇది మామూలే, సరైన వెడల్పులో కోస్తే తప్పూ కాదు. కానీ ఈ పట్టీ రిమ్ము లోపలి వెడల్పు కన్నా అర సెంటీమీటరు పైనే ఎక్కువ. రెండు కొసలూ వాల్వు దగ్గర ఒకదాని మీద ఒకటి పడి రెండు పొరలయ్యాయి. ఆ మడత టైరు అంచు కూర్చునే గట్టు మీదికెక్కి, నొక్కుకుని నొక్కుకుని మెరుస్తోంది. నెలన్నాళ్లుగా సీటు కింద తన్నింది ఇదే. పట్టీ తీసేసి, రిమ్ము మధ్య గాడిలో మాత్రమే కూర్చునేలా సన్నటి గుడ్డ టేపు రెండు చుట్లు వేశాం. టేపు మీద వాల్వు చిల్లును కత్తితో గీరకుండా వేడి సూదితో చేస్తే అంచులు చిరగవు.

టైరును మాత్రం వెంటనే ఎక్కించలేదు. రిమ్ము పని టైరు లేకుండానే చేయాలి.

రిమ్ము

ముందు పగుళ్లు. రిమ్మును తడిగుడ్డతో తుడిచి, ప్రతి నిప్పుల్ చిల్లు చుట్టూ, బ్రేకు రాసుకునే పక్కల మీద, అతుకు దగ్గర టార్చి వేసి చూశాం. ఒక్క పగులున్నా ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాల్సిందే. రిమ్ము బ్రేకుల సైకిలుకి బ్రేకు పట్టేది ఈ లోహాన్నే. ఇక్కడ పగుళ్లు లేవు, పక్కలు లోపలికి అరిగీ లేవు.

తర్వాత చెవి. పుల్లను మధ్యలో గోటితో మీటితే స్వరం పలుకుతుంది. బిగువు ఎక్కువైతే సన్నగా, తక్కువైతే బొంగురుగా. వెనక చక్రంలో కుడి పుల్లలను కుడివాటితోనే, ఎడమవాటిని ఎడమవాటితోనే పోల్చాలి. ఫ్రీవీలుకి చోటివ్వడం కోసం కుడి పుల్లలు నిటారుగా నిలబడతాయి, వాటి బిగువు ఎప్పుడూ ఎక్కువే. రెండు వైపులూ ఒకే స్వరం చేయబోతే రిమ్ము మధ్య తప్పుతుంది. ఇక్కడ తేలింది ఇదీ: ఎడమ 14, 16, 18 తీగ తెగేంత సన్నగా పలికాయి, కుడి 15, 17 కూడా తోటివాటి కన్నా ఎక్కువే. వాటి పక్కనున్న 12, 19, 20 బొంగురు. 13 అయితే అసలు పలకలేదు. యజమాని దాన్ని ఎదురు దిశలో తిప్పాడు.

ఆ పొరపాటు అందరూ చేసేదే కనుక కొంచెం చెప్పాలి. నిప్పుల్ తల టైరు వైపు ఉంటుంది. టైరు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు బిగింపు, హబ్బు వైపు నుంచి చూస్తే దానికి ఎదురు. చక్రం పైభాగంలో పని చేస్తూ పైనుంచి చూస్తే ఒక దిశ, కింది భాగంలో అలాగే చూస్తే రెండో దిశ. ప్రతిసారీ పుల్లను చక్రం పైభాగానికి తెచ్చుకుని, స్క్రూడ్రైవరు పైనుంచి పెట్టినట్టు ఊహించుకుంటే పొరపాటు పడం.

నిప్పుళ్ల మొదళ్లలో చుక్క చుక్క నూనె వేసి ఇరవై నిమిషాలు వదిలేశాం. మూలలు అరిగిన 13, 15, 17 నిప్పుళ్లను ప్లేయరుతో పట్టి విప్పి, కొత్త ఇత్తడివి వేశాం. కీ కొనేటప్పుడు నిప్పుల్‌కి ఆడకుండా పట్టే గాడే చూసుకోవాలి. 3.23, 3.30, 3.45 మి.మీ. అని గాళ్లు వేరుగా ఉంటాయి, కంటికి తేడా తెలియదు. వదులు గాడి రెండు మలుపుల్లో మూలలు తినేస్తుంది.

ఎగుడు ముందు, ఊపు తర్వాత. బిగువెక్కిన ఐదు పుల్లలను కొద్దికొద్దిగా వదిలాం. 14 గేజి పుల్ల మీద నిప్పుల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే 0.45 మి.మీ. జరుగుతుంది కాబట్టి పావు చుట్టు అంటే పదో వంతు మిల్లీమీటరు పైచిలుకు. వాటి స్వరం తోటి పుల్లల స్వరానికి వచ్చేసరికి పల్లం 1.5 నుంచి 1.1కి తగ్గింది. ఇంకా వదిలితే ఇంకా తగ్గేదేమో అని మరో అర చుట్టు వదిలి చూశాం. పల్లం దాదాపు కదలలేదు, పుల్లలు మాత్రం బొంగురుపోయాయి. వెంటనే వెనక్కి తెచ్చాం. డీలా పుల్ల చక్రం తిరిగిన ప్రతిసారీ కాస్త బిగిసి కాస్త సడలుతూ, హబ్బు దగ్గర మెడలో అలసిపోయి విరుగుతుంది. పల్లం దిద్దడానికి అది సరైన ధర కాదు.

ఈ విఫలప్రయత్నం ఒక మేలు చేసింది. పుల్లల బిగువు సమానమయ్యాక మిగిలిన 1.1 మి.మీ. పుల్లల తప్పు కాదు, లోహంలో పడ్డ వంపు. లోహాన్ని లోహంగానే సరిచేయాలి. 13 నుంచి 18 దాకా ఆరు పుల్లలను సరిగ్గా రెండేసి చుట్లు వదిలి, చక్రాన్ని నిలబెట్టి, పల్లానికి అటూ ఇటూ రిమ్ము కింద రెండు చెక్కముక్కలు పెట్టాం. పల్లం కింద ఖాళీ. హబ్బు వైపు నుంచి రిమ్ము లోపలి ముఖం మీద, పుల్లల మధ్య, చిన్న వేపచెక్క ఆనించి సుత్తితో కొట్టాం. గట్టి దెబ్బ ఒకటి కాదు, చిన్నవి నాలుగైదు, ప్రతి రెంటికీ ఒకసారి కొలుస్తూ. 0.6 దగ్గర ఆపేశాం. ఇంకా కొడితే సున్నాకి రావచ్చు, ఒంటి పొర అల్యూమినియం పగలనూ వచ్చు. 1.95 టైరు కింద 0.6 మి.మీ. కూర్చున్నవాడికి తెలియదు. తెలియనిదాని కోసం రిమ్మును పణంగా పెట్టకూడదన్నది నా గట్టి నమ్మకం. వదిలిన రెండు చుట్లూ తిరిగి బిగించి, 12, 13, 19, 20 స్వరాలు తోటివాటితో కలిపాం.

అప్పుడు ఊపు. కుడికి మొగ్గిన చోట కుడి పుల్ల కాస్త వదలాలి, ఎడమ పుల్ల అంతే బిగించాలి. రెంటిలో ఏది ఎక్కువ చేయాలో స్వరం చెబుతుంది: బిగువెక్కిన దాన్ని వదులు, డీలాపడ్డ దాన్ని బిగించు. మధ్య పుల్లకి పావు చుట్టు, పక్కవాటికి అందులో సగం. ఎడమ పుల్లలు వాలుగా ఉంటాయి కనుక అదే పావు చుట్టుకి రిమ్మును పక్కకి ఎక్కువ లాగుతాయి. నిటారు కుడి పుల్లలు పక్కకి తక్కువ, లోపలికి ఎక్కువ లాగుతాయి. అందుకే వెనక చక్రంలో ఊపు వీలైనంత ఎడమవైపు నుంచే దిద్దడం మేలు.

ఇక్కడ దగ్గరగా చూడాల్సింది ఒకటుంది. 16వ పుల్ల మీద చిన్న టేపు ముక్కను జెండాలా అంటించి నిప్పుల్ తిప్పితే, ముందు జెండా కూడా పావు వంతు తిరిగింది. అంటే నిప్పుల్ మర మీద నడవలేదు, పుల్లే మెలిపడింది. ఆ మెలి రోడ్డు మీద నాలుగు కుదుపులకు విప్పుకుని, చేసిన పనంతా పోతుంది. నిప్పుల్‌ను కావాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ తిప్పి, జెండా మళ్లీ తన చోటికి వచ్చేదాకా వెనక్కి తేవాలి.

ఊపు 0.4కి వచ్చింది. పని అయిపోయిందనిపించే చోటు ఇదే, షాపు వైద్యం ఆగిపోయిందీ ఇక్కడే. చేతికి గుడ్డ చుట్టుకుని, పక్కపక్కనే సమాంతరంగా పోయే పుల్లలను జతలు జతలుగా గట్టిగా పిండాం, చక్రం చుట్టూ నాలుగు సార్లు. టిక్ టిక్‌మని శబ్దాలు వచ్చాయి. మళ్లీ కొలిస్తే రెండు చోట్ల ఊపు 1 మి.మీ.కి పెరిగింది. రోడ్డు మీద రెండు రోజుల్లో జరిగేది ఇలా వరండాలోనే జరిపించుకోవాలి. దిద్దాం, పిండాం, మళ్లీ దిద్దాం. మూడో విడతకి పిండినా 0.5 దాటలేదు.

చివరగా, రిమ్ము ఫ్రేముకి నడుమ ఉందా అన్నది. చక్రాన్ని విప్పి కుడి ఎడమలు మార్చి పెట్టి, రిమ్ముకూ ఫ్రేము గొట్టానికీ మధ్య సందు పోల్చాం. తేడా 2 మి.మీ. తిప్పి పెట్టినప్పుడు తప్పు రెట్టింపు కనబడుతుంది, కాబట్టి అసలు తప్పు 1 మి.మీ., కుడికి. ఎడమ పుల్లలు 18టికీ పావేసి చుట్టు, మళ్లీ చూసి ఇంకాస్త.

టైరు అంచుకి సబ్బు నీళ్లు రాసి ఎక్కించాం. నూనె, గ్రీజు వాడకూడదు: రబ్బరు పాడవుతుంది, టైరు రిమ్ము మీద జారి వాల్వును కోస్తుంది. టైరు మీద అచ్చువేసిన హద్దు 40–65 పి.ఎస్.ఐ. 60 దాకా కొడితే టప్‌మని అంచు కూర్చుంది, గీత చుట్టూ సమంగా వచ్చింది. తర్వాత 50కి దించాం. టైరు నెత్తి మీద ఎగుడు ఇప్పుడు 1.5 మి.మీ., అందులో ఎక్కువ భాగం టైరు అచ్చుదే.

ఈ కేసు నుంచి పని నేర్చుకునేవారికి

కారణం అడిగేకన్నా తేదీలు అడగాలి. యజమాని చెప్పిన కారణం గుంత, తేదీలు చెప్పిన కారణం టైరు మార్పిడి. కొలత రెండుసార్లు ఒకేలా రాకపోతే దిద్దడం మొదలుపెట్టకూడదు. లూజు పుల్ల కనబడితే, అది ఎందుకు లూజైందో తేలేదాకా బిగించకూడదు. అణిగిన రిమ్ము దగ్గర అది లక్షణమే తప్ప జబ్బు కాదు.

ఇవే జబ్బులు వేరే రకం సైకిలు చక్రానికుంటే ప్రాధాన్యాలు మారతాయి. పాత 28 × 1½ సైకిళ్లలో, ముందు 32 వెనక 40 పుల్లలతో, కడ్డీ బ్రేకులు రిమ్ము పక్కలను కాదు, హబ్బు వైపు ముఖాన్ని నొక్కుతాయి. వాటిలో కొద్దిపాటి ఊపు ఇబ్బంది పెట్టదు, ఎగుడు మాత్రం బ్రేకులో ప్రతి చుట్టూ తెలుస్తుంది. డిస్కు బ్రేకుల సైకిలులో రిమ్ము ఊగినా బ్రేకు రాసుకోదు. అక్కడ రాపిడి వినబడితే డిస్కు పలకనో, మళ్లీ హబ్బు కోన్లనో చూడాలి.

తర్వాత

20 కిలోమీటర్లు తొక్కాక చూస్తే ఊపు 0.5 దగ్గరే ఉంది, తన్ను లేదు. రెండు వారాలకు ఒక్క 13వ పుల్ల ఎనిమిదో వంతు చుట్టు అడిగింది. ఆరో వారంలో 20వ పుల్ల హబ్బు మెడ దగ్గర విరిగింది. షాపుకీ వరండాకీ మధ్య రోజుల్లో డీలాగా తిరిగిన నాలుగింటిలో అదొకటి. ఆ అలసట తర్వాత బిగించినంత మాత్రాన పోదు. ఎడమ పుల్ల కాబట్టి ఫ్రీవీలు ఊడదీయాల్సిన పని లేకుండా, విరిగిన రెండు ముక్కలూ కలిపి కొలిచి, అదే పొడవుది తెచ్చి యజమానే వేసుకున్నాడు. మిగిలిన మూడింటినీ, 12, 13, 19, విరిగేదాకా ఆగకుండా అదే వారం మార్పించాం. 13, 19 కుడివి కనుక వాటికి ఫ్రీవీలు తీయక తప్పలేదు. ఆ పనికి పుల్లరు (ఫ్రీవీలు ఊడదీసే పనిముట్టు) కావాలి, అది షాపులో చేయించారు. బిగువు మాత్రం యజమాని ఇంటికి తెచ్చుకుని, చెవితో తనే సరిచూసుకున్నాడు.